మేకుల పలక ముందు నాయన

నా చిన్నప్పుడు మా ఊర్లో జపాన్ చూసివచ్చిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు.

ఆయన మా పక్కింటి చాచా. వయసులో ఉన్నప్పుడు సరుకుల ఓడలో వంటమనిషిగా దేశాలన్నీ తిరిగాడట. తిరిగి తిరిగి సముద్రమంటే మొహం మొత్తి, చుక్క నీళ్లకు కరువైన మా కుందుర్పి పక్క పల్లెకు వచ్చి, రోడ్డు వార రేకుల కొట్టం వేసుకుని సైకిల్ షాపు పెట్టాడు. అన్ని నీళ్లు వదిలి ఇక్కడికెందుకు వచ్చావని ఎవరైనా అడిగితే, "ఆ నీళ్లు నోట్లో పోసుకునేదానికి వస్తాయా? అవి ఉండీ లేనట్టే, ఇవి లేనే లేవు. ఈడే నయం" అనేవాడు.

ఆయన చెప్పే కథలకు ఊరంతా నవ్వేది. సముద్రంలో అలలు ఎంత ఎత్తు లేచేవంటే, ఓడ అల మీదికి ఎక్కేటప్పుడు ఎసరు పెడితే కిందికి దిగేసరికి అన్నం వార్చుకునేవాళ్లట. అందరూ నవ్వుతుంటే నేను మాత్రం ఆ అన్నం పలుకు లేకుండా ఉడికిందో లేదోనని ఆలోచించేదాన్ని. కథలు చెప్పే జబ్బు నాకు అంటుకున్నది ఆయన దగ్గరే. నేను చెప్పిన మాటను ఇంకో నాలుగిళ్లలో విచారించుకోకుండా నమ్మవద్దని మా ఆయన మొన్న కొత్త కోడలికి జాగ్రత్త చెప్పాడు. ఆయన చెప్పింది న్యాయమే. అయినా ఈ ఒక్క కథలో నేను కలిపింది తక్కువ.

చాచా చెప్పిన వాటిలో నన్ను బాగా పట్టేసింది జపాన్ రేవులో ఆయన చూసిన ఒక అంగడి. ఆ ఆటను పచింకో అంటారట. పెళ్లిమండపమంత గదిలో గోడల పొడుగునా నిలువు పలకలు, పలకల నిండా మేకులు, వాటి ముందు అద్దాలు. ఒక్కో పలక ముందు ఒక్కో మనిషి కూర్చుని స్ప్రింగుతో ఉక్కు గుండ్లను పైకి కొడతాడు. గుండు మేకుల మీద తడబడుకుంటూ కిందికి వస్తుంది. మధ్యలో ఉన్న చిన్న నోట్లో పడిందా, పలక గుప్పెడు గుండ్లను తిరిగి ఇస్తుంది. పడలేదా, అడుగున ఉన్న గుంతలోకి పోయి మాయమైపోతుంది. పక్కన తమ్ముడు కూర్చున్నా పలకరించే తీరిక ఎవరికీ ఉండదట. "రేకుల మీద రాళ్లవాన పడినట్టు ఉంటాది పాపా ఆ మోత" అన్నాడు చాచా. నేను రాళ్లవాన ఎరగను. మామూలు వానే సరిగా చూడని పిల్లను.

ఒక ఎండాకాలం గిరాకీ లేని రోజుల్లో చాచా ఆ పలకను చేయడం మొదలుపెట్టాడు. పాత తలుపు రెక్కను చిత్రిక పట్టి గోడకు ఆనించాడు. దాని నిండా సన్న మేకులు కొట్టాడు, ఒక్కొక్కటీ కాస్త పైకి తల ఎత్తి చూస్తున్నట్టు. సైకిల్ సీటు కింది స్ప్రింగుతో లాగి వదిలే పుల్ల, పాత బేరింగుల నుంచి తీసిన ఉక్కు గుండ్లు, ఎవరిదో పెళ్లిఫోటో పటం నుంచి వచ్చిన అద్దం, గుండ్లు పెట్టుకోవడానికి డాల్డా డబ్బా. పలక నడుమ నూనె డబ్బా రేకును రెక్కలుగా కత్తిరించి ఒక పువ్వును బిగించాడు. గుండు ఆ పువ్వులో పడితే చాచా గుప్పెడు గుండ్లు డబ్బాలో పోస్తాడు. అదీ ఆట. పందేలు లేవు, మిఠాయిలు లేవు.

మొదటిసారి ఆ గుండ్లు మేకుల మీద నుంచి రాలిపడుతుంటే నేను రెప్ప వేయలేదు. అద్దం వెనక మినుకు మినుకుమంటూ, టింగు టింగుమంటూ, పోదామా వద్దా అని ప్రతి మేకు దగ్గరా ఒక క్షణం ఆగుతూ దిగేవి. ఒక గుండు రెండు మేకుల నడుమ నిలబడి వణికింది. అది ఎటు పడుతుందో ఆ గుండుకే తెలియదు. అంత చిన్న ఉక్కు ముక్క అంతగా ఆలోచిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఊర్లో దేవుడి పటం ముందు కూడా నేను అంత నిశ్శబ్దంగా నిలబడి ఎరగను.

ఆడటం మాత్రం నాకు చేతకాలేదు. బలమంతా పెట్టి పుల్లను గుంజి వదిలేదాన్ని. గుండు పైచెక్కకు తగిలి, పలకంతా చుట్టివచ్చి, సీదా గుంతలో పడేది. చాచా తల కొట్టుకునేవాడు. "ఏం పాపా, బాయిలో బక్కెట చేదుతాండావా? బొటనవేలితో మెల్లగా. పైన ఆ మూల మేకు ఉండాది చూడు, దాని నెత్తి మీద పడాల. అంతకన్న ఎక్కువ వద్దు, తక్కువా వద్దు." బొటనవేలికి ఆ లెక్క దొరకడానికి ఎండాకాలం సగం పట్టింది. దొరికాక, గుండు తర్వాత గుండు అదే చోట పడసాగింది. నేను గొప్ప ఆటగత్తెనైపోయానని గాలిలో తేలిపోయాను.

అప్పుడు చాచా డబ్బాను నా చేతిలో నుంచి లాక్కున్నాడు. ఈరోజు గుండ్లు లేవు, ఊరికే కూర్చుని మేకులు చూడమన్నాడు. నేను గొణిగాను. మేకుల్లో చూసేదేముంది? చాలాసేపు కూర్చున్నాక ఒక్కొక్కటే కనబడసాగింది. ఈ మేకు ఎడమకు ఒరిగింది. ఆ మేకు కిందికి వంగింది. పువ్వుకు సరిగ్గా పైన రెండు మేకులున్నాయి, ఆ రెంటి సందులో నుంచి తప్ప గుండు పువ్వులోకి పోలేదు. ఆ సందు గుండు కంటే వెంట్రుకవాసి ఎక్కువ. చాచా అద్దం తీసి, చిన్న సుత్తితో ఒక మేకు తల మీద టిక్కుమని తాకించాడు. నా కంటికి మేకు కదలనే లేదు. ఇప్పుడు ఆడమన్నాడు. గుండ్లన్నీ ఆ సందు దాకా వచ్చి, తలుపు మూసిన ఇంటికొచ్చిన చుట్టాల్లా పక్కకు తిరిగిపోయాయి. మళ్లీ టిక్కుమనిపించాడు. మళ్లీ పువ్వులో పడసాగాయి. జపాన్లో రోజూ అంగడి మూసినాక ఒక మనిషి సుత్తి పట్టుకుని పలక పలకా తిరుగుతాడట. "గుండు చూసేటోడు ఆడేటోడు. మేకులు చూసినాకనే కూర్చునేటోడు తెలిసినోడు" అన్నాడు చాచా.

అదే రోజుల్లో మా ఇంట్లో ఇంకో ఆట నడుస్తోంది. మా నాయనకు చేన్లో బోరు వేయించాలనే పిచ్చి పట్టింది. అంతకుముందు వేయించినవన్నీ దుమ్ము కక్కాయి. ప్రతిసారీ బోరు బండి వెళ్లిపోయాక నాయన ఆ దుమ్ములో నిలబడి, "పక్కనే పోయింది, కొంచెం ఈపక్క వేసింటే పడేది" అనేవాడు. ఈసారి నీళ్లు చూసే ఆయన్ను పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. ఒకచోట టెంకాయ లేచి నిలబడింది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు. ఇక బోరు బండికి ఇవ్వడానికి మా ఇంట్లో మిగిలినవి అమ్మ గొర్రెలే.

ఆ గొర్రెలు అమ్మ మడకశిర పక్క తన పుట్టింటి నుంచి తోలుకొచ్చిన మంద. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏళ్లలో మాకు అన్నం పెట్టింది అవే. వాటిని కొనేవాడు మరుసటి రోజు పొద్దున వస్తానని కబురు పెట్టాడు. అమ్మ ఏడవలేదు. "గొర్రెలు పోతే పిల్లలకు ఏం పెడతావు, పైపులు పెడతావా?" అని ఒక్క మాట అడిగి గిన్నెలు తోముకుంది. నాయన పక్క ఊర్లో దిగి ఉన్న బోరు బండివాళ్లకు రమ్మని చెప్పిరావడానికి సైకిల్ తీశాడు. వెనక చక్రంలో గాలి లేదు. ఆ పంక్చరు దానంతటదే పడిందో, అమ్మ చేతిలో గోనె కుట్టే దబ్బనం ఉండిందో నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు.

నాయన సైకిల్‌ను నడిపించుకుంటూ చాచా షాపుకు పోతే నేనూ వెంట పోయాను. చాచా ట్యూబు తీసి, గీకి, అతుకు పెట్టాడు. "బంక ఆరేదాకా ఊరికే ఎందుకు నిలబడతావప్పా, నాలుగు గుండ్లు కొట్టు" అంటూ డబ్బా అందించాడు. ఆ పిల్లల ఆట నాకెందుకని నాయన నవ్వాడు. నవ్వుతూనే ఒకటి కొట్టాడు.

నేను అలవాటుగా మేకుల వైపు చూశాను. పువ్వు మీది రెండు మేకులూ దగ్గరకు జరిగి ఉన్నాయి. గుండు కాదు కదా, కందిగింజ కూడా పట్టేట్టు లేదు. చాచా వైపు చూస్తే, ఆయన ట్యూబు మీద ఊదుతూ కళ్లతోనే నన్ను నోరు మూసుకోమన్నాడు.

నాయన చెయ్యి మంచి చెయ్యి. విత్తనం వేసిన చెయ్యి కదా, నాకు ఎండాకాలం సగం పట్టిన లెక్క ఆయనకు కాసేపట్లో దొరికింది. ప్రతి గుండూ మూల మేకు నెత్తిన పడి, సరిగ్గా పువ్వు మీదికే వచ్చి, సందు తాకి, పక్కకు జారేది. బంక ఆరింది. చాచా చక్రం బిగించి గాలి కొట్టాడు. నాయన చూడనే లేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ చేరారు. "అయ్యో, రవ్వంతలో తప్పిందన్నా!" "ఇంగొకటి ఎయ్యి, ఈతూరి పడతాది!" అని ఎగదోస్తున్నారు. నాయన ముఖం ఎర్రబడింది. డబ్బా ఖాళీ అవుతోంది.

"పక్కనే పోయింది. కొంచెం ఈపక్క కొట్టింటే పడేది" అన్నాడు నాయన.

ఆ మాట వినగానే నాకు బోరు దుమ్ము వాసన వచ్చింది. నిజంగా వచ్చింది, ఇది కలిపింది కాదు. ఇక ఆగలేకపోయాను.

"నాయనా, గుండు కాదు, మేకులు చూడు!"

చాచా నిట్టూర్చాడు. నాయన చెయ్యి ఆగింది. ముందుకు వంగి, అద్దానికి ముక్కు ఆనించి, చాలాసేపు చూశాడు. అద్దం మీద వేలితో ఆ రెండు మేకులనూ తాకాడు. వెనక్కి తిరిగాడు.

"ఎప్పుడు కొట్టినావు భాయ్?"

"నువ్వు వచ్చేదానికి ముందే."

"అంటే పడేదే లేదు."

"ల్యాదు."

"మోసం కదా ఇది?"

"మోసమే. మేకులు కొట్టింది నేను, ఈడే ఉండా, తిట్టు, కొట్టు. మరి నీ చేను కింద మేకులు ఎవరు కొట్టినారో, వాళ్లను తిట్టేదానికి యాడికి పోతావు?" చాచా చేతులు తుడుచుకున్నాడు. "నీళ్లు ఉండాయో లేవో నాకేం తెలుసప్పా. నేను సముద్రంలో అన్నం వండినోణ్ని. ఒకటే అడుగుతాండా. నీ చేను చుట్టూ ఎవరి బోర్లో నీళ్లుండాయి?"

నాయన తూర్పు చేను వాళ్లది అన్నట్టు చెయ్యెత్తాడు, దించాడు. ఎండిపోయిన ఆ బోరులో పిల్లలు పడకుండా బండ పెట్టి ఉంది. వాగు పక్క వాళ్ల బోరు మీదా బండే. మా చేను చుట్టూ ఎటు చూసినా బండలే. అన్నీ ఆయన రోజూ దాటుకుంటూ పోయేవే. బస్సు వచ్చి హారన్ కొట్టింది, ఎవరూ కదల్లేదు.

నాయన డబ్బాలోకి చూశాడు. అడుగున ఇంకా కొన్ని గుండ్లు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి స్ప్రింగు ముందు పెట్టాడు. "కొట్టన్నా, మిగిలినవి కూడా కొట్టు" అన్నారెవరో. ఆయన బొటనవేలు పుల్ల మీద ఆగింది. పడదని తెలుసు. తెలిసీ ఆ వేలు వణకడం నేను చూశాను. ఇంత పెద్ద మనిషిని ఆ చిన్న గుండు ఎంత బలంగా లాగుతోందో చూసి నాకు భయం వేసింది. తర్వాత ఆయన ఆ గుండును తీసి డబ్బాలో వేశాడు. డబ్బాను చాచా చేతిలో పెట్టి లేచాడు. సైకిల్ ఎక్కి, బోరు బండి ఉన్న ఊరి వైపు కాకుండా ఇంటి వైపు తిప్పాడు. నన్ను ఎక్కించుకోవడం కూడా మరిచిపోయాడు.

చాచా ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పటిదాకా చెప్పిన కథల్లో ఎప్పుడూ లేని గొంతుతో, "గుండ్లు అయిపోయి లేచినోళ్లను రేవు రేవులో చూసినా పాపా. ఉండంగా లేచినోణ్ని ఈడనే చూసినా" అన్నాడు.

మరుసటి రోజు గొర్రెల వ్యాపారి వచ్చి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వట్టి చేతులతో పోయాడు. సున్నం గుర్తు గాలికి చెరిగిపోయింది. ఆ గుర్తు కింద నీళ్లు ఉండేవో లేవో ఈ రోజుకీ నాకు తెలియదు. ఉండేవేమోనని నాయన కూడా అప్పుడప్పుడు ఆ చోట ఆగి నేలను చూసేవాడు. ఆగేవాడు, మళ్లీ గొర్రెల వెంట నడిచేవాడు.

చాచా నిజంగా జపాన్ చూశాడో లేదో కూడా నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను గెలిచినవాళ్లను చాలామందిని చూశాను, వాళ్ల గురించి కథలు కట్టి, ఉన్నదానికి రెండింతలు చేసి చెప్పాను కూడా. మా నాయన బొటనవేలు గురించి మాత్రం ఒక్క ముక్క పెంచబుద్ధి కాలేదు. ఏదైనా నన్ను ఇంకొక్కసారి, ఇంకొక్కటే అని లాగినప్పుడు, చుట్టూ జనం కొట్టమంటుండగా ఆ గుండును మెల్లగా డబ్బాలో వేసిన ఆ చెయ్యి నాకు కనబడుతుంది. నేను లేస్తాను. కొన్నిసార్లు ఆలస్యంగా లేస్తాను, కానీ లేస్తాను.