మైక్రోస్కోప్ కింద నా ఛాతీ

ఆ రోజు పాల్వంచ ప్లాంటులో షిఫ్టు ముగించుకుని గదికి వచ్చాను. ఛాతీని అదిమిపెట్టే బైండర్ విప్పుతుంటే ఎడమవైపు వేలికి ఏదో గట్టిగా తగిలింది. రేగి గింజంత గడ్డ. నొప్పి లేదు.

నేను ట్రాన్స్ పురుషుణ్ణి. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. ఏళ్లుగా టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు తీసుకుంటూ మగవాడిగా బతుకుతున్నాను. గడ్డం వచ్చింది, గొంతు మారింది. ఛాతీకి ఆపరేషన్ మాత్రం చేయించుకోలేదు. మందు వాడుతున్నాను కదా, అక్కడ ఇక ఏ జబ్బూ రాదనుకున్నాను.

ములకలపల్లిలో ఉండే అక్కకు ఫోన్ చేస్తే మర్నాడే బస్సెక్కి వచ్చింది. ఇద్దరం ఖమ్మంలో ఒక దవాఖానాకు వెళ్లాం. మామోగ్రామ్ గది ముందు నర్సు నన్ను చూసి, "అన్నా, మీరు బయట కూసోండి. పేషెంటును పంపండి" అంది.

"పేషెంటే ఈయన. మా తమ్ముడు" అంది అక్క.

నర్సు "రా అన్నా" అని తలుపు తెరిచింది.

డాక్టరమ్మకు ఇంజక్షన్ల సంగతంతా చెప్పాను. కేన్సర్ కంటే, వాటిని ఆపేయమంటారేమోనన్న భయమే నాకు ఎక్కువ. "ఇప్పుడే ఏదీ ఆపొద్దు. ముందు గడ్డ ఏందో తేలనియ్యి" అన్నారు ఆమె.

సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. వారం తర్వాత వెళితే, "టిష్యూ గట్టిగుంది, శాంపిల్ సరిపోలే" అన్నారు. చివరికి గడ్డనే తీసి పరీక్షకు పంపారు.

"కేన్సర్ కాదు" అన్నారు డాక్టరమ్మ. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంజక్షన్లతో లోపల ఏం మారిందని నేను అడిగితే, ఆమె మమ్మల్ని ల్యాబ్‌కు, ఆ గడ్డను పరీక్షించిన పెథాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన ముందు హార్మోన్ వాడని వాళ్ల రొమ్ము టిష్యూ స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద చూపించారు. గ్రంథులు ఇప్పపూల గుత్తుల్లా ఒత్తుగా ఉన్నాయి. తర్వాత నాది పెట్టారు. గుత్తులు కుంచించుకుపోయి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. చుట్టూ గులాబీ రంగు పోగులు, పొరలు పొరలుగా. వచ్చిన గడ్డాన్ని అద్దంలో చూశాను, మారిన గొంతును విన్నాను. ఎవరి కంటికీ కనపడని చోట కూడా నా ఒళ్లు ఇన్నేళ్లుగా చప్పుడు లేకుండా మారుతూనే ఉంది!

అక్క కూడా కన్ను పెట్టి చూసింది. "తొడకేసిన మందు ఈడిదాకా వచ్చి గింత పని చేసిందా! మస్తుగుంది తమ్మీ, లోపల గూడ."

పెథాలజిస్టు నవ్వారు. "అవ్ అమ్మా. కానీ అందరికీ ఒక్క తీరుగ మారదు. గ్రంథులు తగ్గినయి, పూర్తిగా పోలే. ఉన్నకాడ జబ్బు రావొచ్చు. చూపించుకుంటుండాలె."

ఇప్పుడు మళ్లీ షిఫ్టులకు వెళుతున్నాను. ఇంజక్షన్లు నడుస్తున్నాయి. డాక్టరమ్మ రమ్మన్నప్పుడల్లా స్కాన్‌కు వెళుతున్నాను.

నాలాంటి వాళ్లకు ఒక్క మాట. ఛాతీ ఆపరేషన్ అయినా, కాకపోయినా, అప్పుడప్పుడు చేత్తో తడిమి చూసుకోండి. కొత్తగా ఏదైనా తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, హార్మోన్ వాడుతున్నామని ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత కూడా కాస్త టిష్యూ మిగులుతుందట. ఆ మిగిలిన కాస్తా మన ఒళ్లే.