వాడే ఫోన్ చేయించాలి

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు రాగానే జనం డోరు మీద పడ్డారు. నేను తోసుకుని ఎక్కి, సీట్లో బ్యాగు వేసి తిరిగి చూశాను. పిల్లాడి అమ్మ ఒక్కతే కింద నిలబడి ఉంది.

"పిల్లోడు మీతో ఎక్కలేదా మేడమ్?" అంది.

వాడికి పదకొండేళ్లు. బుద్ధి ఎదుగుదల తక్కువ, మాట రాదు. నేను పనిచేసే ప్రత్యేక పిల్లల బడికి వస్తాడు. ఆ రోజు ముగ్గురం ఆస్పత్రికి వచ్చి వెళ్తున్నాం. మాటకు బదులు వాడి మెడలో ఒక ఫోన్ వేలాడుతుంది. అందులో బొమ్మ నొక్కితే ఫోన్ మాట్లాడుతుంది. నీళ్లు కావాలి, ఆకలేస్తోంది, అమ్మకు ఫోన్ చేయండి. ఈ చివరిది నొక్కితే అమ్మ నంబరు కూడా పెద్దగా కనిపిస్తుంది.

దిగి ఆ ఫోన్‌కి కాల్ చేశాను. రింగవుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ. భయమేస్తే నాకు కోపమొస్తుంది. కండక్టర్ మీద అరిచాను.

"పిల్లోన్ని నేనేమన్నా టికెట్ సంచీలో పెట్టుకున్నానా మేడమ్? ఆగండి, మైకులో సెప్పిస్తా. పేరు పిలిస్తే పలుకుతాడా?"

"పలకడు."

"మరి యాడని ఎతికేది?"

వాళ్లమ్మ ఏడవలేదు. వంగి ఒక్కో బస్సు చక్రాల కింద చూసుకుంటూ పోతోంది. అది చూడలేక మళ్లీ డయల్ చేశాను.

అప్పుడు తట్టింది. కాల్ వస్తే ఆ ఫోన్లో బొమ్మలన్నీ పోతాయి. వాడు ఎక్కడున్నా, ఎవరి ముందున్నా, నేను చేసే ప్రతి కాలూ వాడి నోరు మూస్తోంది.

కట్ చేశాను.

"నిలిపినారేం? సేయండి."

"చేస్తే వాడు మాట్లాడలేడమ్మా. వాడే ఎవరికైనా చూపించి మీకు చేయించాలి."

"వాడా? ఇంట్లో నన్నే అన్నం అడగడు మేడమ్. కొత్తోళ్లకు సూపిస్తాడా?"

బళ్లో కూడా నేను పక్కన కూర్చుంటేనే నొక్కేవాడు. గేటు అవతల లారీలు పోతున్నాయి. నా వేలు మళ్లీ వాడి నంబరు మీదికే పోతోంది. ఫోన్ తీసి ఆమె సంచిలో పడేశాను. ఆమె తన చిన్న ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

అది మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది.

"ఎవరమ్మా నువ్వు? ఈడ గేటు బయట నా పండ్ల బండి కాడ ఒక పిల్లోడుండాడు. ఇంతసేపూ మెడలో ఫోను మోగతాంటే సెవులు మూసుకోని కూసున్నాడు. ఇప్పుడు దాంట్లో ఈ నంబరు నాకు సూపిచ్చి కొంగు ఇడవడంల్యా, నా ఫోన్నుంచి సేస్తాండా."

పండ్లామె మాటల వెనక ఇంకో గొంతు. నాదే, నేను రికార్డు చేసిందే. "నాకు భయంగా ఉంది. నాకు భయంగా ఉంది."

"ఆడే పట్టుకోక్కా, వస్తాండా," అని వాళ్లమ్మ పరుగు తీసింది. కాల్ కట్ చేయలేదు. ఆ గొంతు ఎక్కడ ఆగిపోతుందోనని భయపడుతూ ఆమె వెనకే పరిగెత్తాను.