ఎవరూ చూడని లారీ

పోయిన ఎండాకాలం సిరొంచ దగ్గర బామ్ని రోడ్డు మీద మా అన్నయ్య సైకిల్‌ను లారీ గుద్దింది. నేను వెళ్లేసరికి చాయ్ హోటల్ రాజక్క అతని నోట్లో నీళ్లు పోస్తోంది. లారీ ఎవరిదో నాకు చెప్పింది కూడా ఆమే. అన్నయ్య దక్కలేదు.

మర్నాడు పోలీసు జమాదారు వచ్చి అడిగితే, రాజక్క తల దించుకుంది.

"నేనేం చూడలే సార్."

"నిన్న నాకు చెప్పినవు కదక్కా!" అని ఏడ్చాను.

"లారోల్లు పొద్దుగాల వచ్చి బెదిరించి పోయిన్రు చెల్లె. నాకు ఇద్దరు ఆడపిల్లలు."

జమాదారు నన్ను పక్కకు పిలిచాడు. "సాక్షి లేంది కేసు నిలవది. ఆమెకు కావలి పెడ్దామంటే ఠాణాల మనుషులే లేరు. నేనేం జెయ్యాలె, చెప్పు?"

ఆ లారీ ఇప్పటికీ అదే దారిన తిరుగుతోంది. రాజక్క మీద నాకు కోపం లేదు. ఆ రోజు ఆమెకు ధైర్యం చెప్పడానికి నా దగ్గరే కాదు, ఆ జమాదారు దగ్గర కూడా ఒక్క మాట లేకపోయింది.