ఎవరెవరివో వెంట్రుకలు

2022వ సంవత్సరం. కరోనా సద్దుమణిగి బడులు మళ్ళీ మామూలుగా నడుస్తున్న రోజులు. తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో, ఒక సందులో, పిల్లల మనసుకు వైద్యం చేసే చిన్న క్లినిక్ ఉండేది. ఫీజు లేదు. కూలిపనికి పోయేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, ఆటోలు నడిపేవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చేవారు. నేను అక్కడ ఆయాను. మూడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. ఊడవడం, నీళ్ళు పట్టి పెట్టడం, వచ్చిన తల్లుల్ని కూర్చోబెట్టడం నా పని. పోనుపోను మేడం నాకు ఇంకో పని కూడా నేర్పింది. అది చెప్తాను.

మేడం అంటే కవిత మేడం, సైకాలజిస్టు. చిత్తూరు అమ్మాయి. నా పెద్ద మనవరాలి కంటే కాస్త పెద్దదేమో. తాను చేసే వైద్యాన్ని ఎవిడెన్స్ బేస్డ్ థెరపీ అనేది. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం కాకుండా, చాలామంది పిల్లలకు చేసి చూసి, పనిచేస్తుందని తేలిన పద్ధతినే, ఆ వరసలోనే చేయడం అన్నమాట. నాకు అది నచ్చింది. రంగు పెన్సిలు అరవేలంత మిగిలి ఉండగానే పారేస్తే పిల్లల్ని కూడా వదలని మనిషిని నేను. పనికొచ్చేది చేసి పనికిరానిది మానేసే వైద్యం మర్యాదైన వైద్యం అనిపించింది. ఇప్పటికీ అదే అంటాను. ఇప్పుడు చెప్పబోయే పిల్ల సంగతి తెలిసి కూడా అదే అంటాను.

ఆ ఏడాది వానల కాలంలో వచ్చింది ఆ పిల్ల. పేరు మార్చి లక్ష్మి అంటాను. పదకొండేళ్ళు. తల్లిని రేవతి అనుకుందాం. వాళ్ళది కార్వేటినగరం దగ్గర పల్లె. మొగుడు చెన్నైకి కట్టడం పనికి పోయి, మొదట రావడం మానేశాడు, తర్వాత డబ్బు పంపడం మానేశాడు. తల్లీకూతుళ్ళు తిరుపతిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నారు. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే పూలు కడతానంది. ఈ ఊళ్ళో పూలు కట్టే ఆడవాళ్ళు వీధికి పదిమంది. ఎవరమూ ఇంకో మాట అడగలేదు.

పిల్ల గుండుతో వచ్చింది. ఇంకే ఊళ్ళో అయినా గుండు చేసిన ఆడపిల్లను నిలబెట్టి అడుగుతారు. ఇక్కడ బస్సెక్కితే సగం గుండ్లే. కొండకు పోయొచ్చారు అనుకుని చూపు తిప్పుకుంటారు. బడిలో టీచరమ్మ మాత్రం కనుబొమలు చూసింది. రెండూ లేవు. మొక్కు పేరుతో కనుబొమలు ఎవరూ తీయించరు కదా. ఆమే మా దగ్గరికి పంపింది.

దీన్ని ట్రైకోటిలోమేనియా అంటారని మేడం చెప్పింది. తన వెంట్రుకలు తానే పీక్కునే జబ్బు. మొండితనం కాదు. దిగులు పుట్టినప్పుడో, ఊరికే కూర్చున్నప్పుడో చెయ్యి దానంతటదే పోతుంది. లక్ష్మి తల మీద అణాకాసులంత మచ్చలు పడితే, బడిలో నవ్వుతారని తల్లి గుండు చేయించింది. పెరిగింది, మళ్ళీ పీకింది, మళ్ళీ చేయించింది.

మేడం తల్లిని ఒక మాట మళ్ళీ మళ్ళీ అడిగింది. పీకినవి నోట్లో పెట్టుకుంటుందా అని. రేవతి లేదంది. పిల్లను అడిగితే తల్లి ముఖం చూసి, తను కూడా లేదని తలూపింది. అయినా మేడం చెప్పవలసింది చెప్పింది. కడుపులోకి పోయిన వెంట్రుక అరగదు, బయటికీ పోదు. ఒకదానికొకటి చుట్టుకుని ఉండకట్టి, పేగుకు అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. అలాంటిది ఏమాత్రం కనబడినా దాచొద్దంది. గుండు కూడా ఇక చేయించొద్దంది. జుట్టు ఉంటేనే చెయ్యి మానడం నేర్చుకుంటుంది, లేకపోతే చెయ్యి ఎక్కడికి పోతోందో మనకు కనబడదు అంది.

వైద్యం పేరు హ్యాబిట్ రివర్సల్. అలవాటును వెనక్కి తిప్పడం. చెయ్యి లేస్తున్నదని పిల్లకు ముందు తెలియాలి. తెలిసిన వెంటనే పిడికిలి బిగించి, ఆ కోరిక చల్లబడేదాకా ఒళ్ళో పెట్టుకోవాలి. దీనికి పక్కన ఒక మనిషి ఉండాలి, చెయ్యి లేచినప్పుడు గుర్తు చేయడానికి. తల్లి పనిలో ఉంటుంది గనక క్లినిక్‌లో ఆ మనిషిని నేనయ్యాను. మేడం నేర్పిన కొత్త పని ఇదే. పిల్ల లెక్కలు చేసుకుంటూ ఉంటే ఎదురుగా కూర్చుని "చెయ్యి" అనేదాన్ని. తిట్టకూడదు, కొట్టకూడదు, ఆ ఒక్క మాటే. బిగించినప్పుడు మెచ్చుకోవాలి. మెచ్చుకోవడం నాకు తిట్టినంత సులభంగా రాదు. అయినా నేర్చుకున్నాను.

పిల్ల చురుకైంది. ఒకరోజు లెక్క ఆపి నా తలకేసి చూస్తూ కూర్చుంది.

"అవ్వా, నీ కొప్పులో సవరం ఉండాది కదా?"

"నా కొప్పు సంగతి నీకెందుకు మే. నీ చెయ్యి సూసుకో."

"పైనుండేవి నీవి. లోపలివి యెవురివో. అవి బిరుసుగా ఉండాయి, నీవి మెత్తన."

నేను ఎవరికీ చెప్పని సంగతి అది. పెద్దాచిన్నా లేదా అని గద్దించాను. పక్క గదిలో మేడం నవ్వింది. ఇంత పిల్లకు వెంట్రుకల్లో రకాలు ఎట్లా తెలుసా అన్న ఆలోచన నాకూ తట్టలేదు, చదువుకున్న మేడంకీ తట్టలేదు.

దసరా వెళ్ళేసరికి కనుబొమలు వచ్చాయి. తల మీద అంగుళం పైగా జుట్టు పెరిగింది, నల్లగా, ఒత్తుగా. మచ్చ ఒక్కటి లేదు. మేడం సంతోషించి తల్లికి అద్దంలో చూపించింది. అయితే పిల్ల మాత్రం చిక్కిపోతోంది. బడిలో పెట్టే అన్నం తినకుండా వదిలేసేది. కడుపు నొప్పి అనేది. రేవతి అది దిష్టి అని, తాయెత్తు కట్టించానని చెప్పింది. మేడం పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించమని చీటీ రాసిచ్చింది. సరేనంది గానీ తీయించలేదు.

తర్వాతి వారం లక్ష్మి మళ్ళీ గుండుతో, గంధం పూసుకుని వచ్చింది.

మేడం గొంతు పెంచడం నేను ఆరోజే విన్నాను. ఇంత కష్టపడి పెంచిన జుట్టును ఎందుకు తీయించావని అడిగింది. రేవతి తడుముకోలేదు.

"జుట్టు బాగా వస్తే కొండకు ఇస్తానని మొక్కుకున్నాను మేడం. వచ్చింది, మీరే సూపిస్తిరి. ఇయ్యకపోతే మళ్ళా పోతాది."

నేనూ ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్నే. ఆ తల్లి స్థానంలో ఉంటే నేను కూడా ఇచ్చేదాన్ని.

ఆపైన రెండు వారాలు వాళ్ళు రాలేదు. బడికి కూడా రావడం లేదని, వచ్చిన చివరి రోజు వాంతులు చేసుకుందని టీచరమ్మ ఫోన్ చేసింది. మేడం, నేను ఆటో ఎక్కి వాళ్ళ గదికి పోయాం.

తలుపు తీసే ఉంది. గది నిండా వెంట్రుకలు. ఆడవాళ్ళు తల దువ్వుకున్నాక రాలినవి చుట్టి దాచుకుంటే, ఊళ్ళమ్మట తిరిగేవాళ్ళు పిన్నీసులో గిన్నెలో ఇచ్చి కొనుక్కుపోతారు చూడండి, ఆ చిక్కు వెంట్రుకలు. అవి మూటలుగా ఇలాంటి ఇళ్ళకు వస్తాయి. దబ్బనంతో చిక్కు తీసి, పొడుగును బట్టి, రకాన్ని బట్టి వేరు చేసి కట్టలు కడితే, సవరాలు, విగ్గులు చేసేవాళ్ళు తీసుకుపోతారు. మూలన మూటలు, గోడకు కట్టలు, నేల మీద ముద్దలు. రేవతి దబ్బనం పట్టుకునే లేచింది. ముద్ద మీద దుప్పటి లాగబోయి ఊరుకుంది. పిల్ల చాప మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది.

"పూలు కడతానంటివే," అన్నాను.

"పూలపని పండగలకే పెద్దమ్మా. ఇది దినామూ ఉండాది. ఇంటికాడే ఉండి పాపను సూసుకుంటా చేసుకోవచ్చు."

మాకెందుకు చెప్పలేదని మేడం అడిగింది.

"చెప్పింటే మానేయమందురు. మానేస్తే మాకు అన్నం యాడినుంచి వస్తాది మేడం?"

మేడం చాప మీద కూర్చుని పిల్ల తల నిమిరింది. నోట్లో పెట్టుకుంటావా అని మెల్లగా అడిగింది. లక్ష్మి ఎప్పటిలాగే తల్లికేసి చూసింది. రేవతి ముఖం గోడవైపు తిప్పుకుంది. అదే అనుమతి అనుకుందేమో పిల్ల.

"నావి అయిపోయినాయి కదా. మూటలోవి తింటాను. మెత్తవి."

"ఎప్పటినుంచి?"

"మొదటి గుండు కాడి నుంచి."

రేవతిని నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే పిల్లను భుజాన వేసుకుని చెప్పులు లేకుండా వీధిలోకి నడిచింది.

పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రమే స్కాన్ తీశారు, తెల్లారి ఆపరేషన్ చేశారు. ఒకచోట పేగు చిల్లుపడి చీము పట్టిందన్నారు. బతుకుతుందని గానీ బతకదని గానీ ఎవరూ చెప్పలేదు. డాక్టరు తల్లిని పిలిచి ట్రేలో ఉన్నదాన్ని చూపించాడు. పడిపోతుందేమోనని నేను జబ్బ పట్టుకుని ఉన్నాను. కడుపు లోపలి సంచి ఆకారంలోనే ఉంది ఆ వెంట్రుకల ఉండ. కడిగి పెట్టారు. నల్లవి, నెరిసినవి, గోరింటాకు పెట్టుకుని ఎర్రబడినవి, ఎవరెవరివో. రేవతి ఏడవలేదు. వంగి చూసింది.

"ఈ ఎర్రవి దసరా ముందర వచ్చిన మూటలోవి," అంది నాతో, మెల్లగా. "మంచి సరుకు. తూకం తక్కువ వచ్చిందని మూటలిచ్చే మేస్త్రీ నన్ను తిట్టినాడు."

లక్ష్మి చాలా రోజులు వార్డులో ఉండి, బతికింది.

హ్యాబిట్ రివర్సల్‌తో పాటు చేయవలసింది ఇంకొకటి ఉంది, దాన్ని స్టిములస్ కంట్రోల్ అంటారు. చేతిని పిలిచే వస్తువును పిల్ల కంటి ముందు నుంచి తీసేయడం. దువ్వెన, అద్దం, చీకటి మూల, ఏదైతే అది. ఆ ఇంట్లో అది అన్నం పెట్టే పని. మేడం తనకు తెలిసినవాళ్ళనందరినీ అడిగి రేవతికి ఒక లాడ్జీలో గదులు ఊడ్చే పని ఇప్పించింది. పొద్దున్నే పోతే చీకటి పడ్డాక వచ్చేది. పిల్ల ఒక్కతే గదిలో ఉండేది, ఆపరేషన్ అయి లేచిన ఒళ్ళు. పిల్లకు జ్వరమొచ్చి తల్లి నాలుగు రోజులు పనికి పోకపోతే లాడ్జీవాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. మూటలు మళ్ళీ వచ్చాయి.

వేసవి సెలవులయ్యాక రేవతి పిల్లను సత్యవేడు వైపు ఆడపిల్లల హాస్టల్లో చేర్చింది. మేడం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. తనే ఆలోచించుకుని చేసింది.

తర్వాతి చలికాలంలో హాస్టల్ వార్డెన్ లక్ష్మిని చూపించడానికి తీసుకొచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు. కనుబొమలు తీర్చి దిద్దినట్టు ఉన్నాయి. మేడం అడగవలసినవన్నీ అడిగి, పీకడం పూర్తిగా ఆగిందని రాసుకుంది. వైద్యం పనిచేసింది. దాన్ని నేను కాదనను. అన్నం పెడుతూ, సెలవులకు ఇంటికి పోతున్నావా అని అడిగాను.

"పోను. అమ్మ వద్దన్నాది." కలిపిన ముద్ద కంచంలో పెట్టేసింది. "ఎంటికలు ఇంట్లో ఉండకూడదని మేడం చెప్పింది కదవ్వా. అమ్మ నన్ను తీసేసింది."

అట్లా కాదే అనబోయాను. అట్లానే జరిగింది గనక ఇంకొంచెం అన్నం వడ్డించాను.

ఆ పిల్ల తర్వాత మా క్లినిక్‌లో ఒక పద్ధతి మారింది. ఏ పిల్ల వచ్చినా మొదటి వారంలోనే మేడం, నేను వాళ్ళ ఇంటికి పోతాం. మీ ఇంట్లో అందరూ ఏం పని చేస్తారు, ఎక్కడ కూర్చుని చేస్తారు అని నేనే అడుగుతాను. అడిగే ముందే, పని మానేయమని చెప్పమమ్మా అంటాను. ఆ మాట ముందు చెప్తేనే నిజం చెప్తారని రేవతి దగ్గర నేర్చుకున్నాను. అది విన్నాక తల్లులు మూటలు విప్పి చూపిస్తారు, ఏముంటే అది. చూపించి, ఇప్పుడేం చేయమంటారని మా ముఖాలు చూస్తారు.