రాతి గోడకు అద్దం పట్టీ

వాన వెలిశాక మొజంజాహీ మార్కెట్ దాటి నాంపల్లి వైపు నడుస్తుంటే తడిసిన పాత సున్నం వాసన వస్తుంది. అది తగిలితే చాలు, నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. అక్కడి రెండంతస్తుల రాతి మేడ ఇవాళ నిలబడి ఉందంటే నా చలవే. గోడ మీద చెయ్యి వేసి దాని జబ్బేమిటో చెప్పినవాణ్ణి నేను.

సరే, చెప్పింది రుక్మిణి మేడం. బషీర్‌బాగ్‌లో ఆవిడ ఆఫీసు. పాత కట్టడాల పగుళ్లు పరీక్షించే ఇంజినీరు. నేను ఆవిడ అసిస్టెంటును. ఆ మేడ మూలన పైనుంచి కిందిదాకా వేలు దూరేంత పగులు. మేడం ఊఁ అంటే కూల్చేయడానికి యజమాని సిద్ధంగా ఉన్నాడు. కింద ఫోటో ఫ్రేముల దుకాణం పెట్టుకున్న యాదగిరికి అన్నం పెట్టేది ఆ గోడే.

"పగులు ఉంటే ఉండనియ్యి, ఇంకా కదులుతున్నదా అన్నది చూడాలె," అన్నారు మేడం. యాదగిరి చేత అద్దాన్ని సన్నటి పట్టీలుగా కోయించి, పగులుకు అడ్డంగా ప్లాస్టరుతో అంటించమన్నారు. గోడ కదిలితే అద్దం విరుగుతుంది. నేను చకచకా అంటించేశాను. ఆవిడ వచ్చి గోటితో గీకితే పట్టీ, దాని కింది వెల్ల, రెండూ ఊడి చేతిలోకి వచ్చాయి.

"రాయికి పెట్టినవా నర్సింగ్, సున్నానికి పెట్టినవా? గోడ కదిలితే సున్నం జారుతది గానీ అద్దం విరగదు. మనం ఖుషీగ ఉంటం, గోడ యాదగిరి నెత్తి మీద పడ్తది."

"గట్లనకుండ్రి మేడం, పిల్లలు గలోన్ని!" అన్నాడు యాదగిరి.

రాయి కనిపించేదాకా గీకి మళ్లీ పెట్టాను. ఎండాకాలమంతా అద్దాలు చెక్కుచెదరలేదు. మొదటి పెద్ద వానకు అడుగున ఉన్నది టక్కున విరిగింది. యాదగిరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఖాళీ చెయ్యాల్నా మేడం?"

ఆవిడ వానలోనే నిలబడి, పగులును వదిలేసి పైకప్పు వైపు చూశారు. డాబా మీది నీళ్లు దింపే గొట్టం సగంలో విరిగి, ధారంతా గోడ మూలన పునాది మట్టిలోకి పోతోంది. "మట్టి మెత్తబడి మూల కుంగుతున్నది. గొట్టం మార్చుండ్రి. గోడ మంచిదే."

గొట్టం మార్చారు, పునాది గట్టిపరిచారు. కొత్త అద్దం మరుసటి వానాకాలం దాటినా విరగలేదు. అది చూసిన రోజు మేడం చెప్పులు విడిచి, గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు ఊరికే నిలబడ్డారు. నాకు ఒళ్లు జలదరించింది. అంతటి రాయి తన బాధను వేలెడంత అద్దానికి చెప్పుకోవడమేమిటి, ఈవిడకు అది వినపడటమేమిటి!

ఇప్పుడు మేడం లేరు. ఎక్కడ పగులు కనిపించినా నేను మాత్రం ముందు తల పైకెత్తి నీళ్లెటు పోతున్నాయో వెతుకుతాను.

నిన్న యాదగిరి దుకాణంలో ఎవరికో ఈ కథ చెబుతూ, విరిగిన గొట్టాన్ని ముందు చూసింది నేనే అన్నాను. యాదగిరి కళ్లజోడు మీదుగా చూశాడు. వెంటనే దిగొచ్చాను: సరే, చూసింది మేడమే, ఆవిడ తడవకుండా గొడుగు పట్టింది నేను.

"గొడుగు నేను పట్టిన సారూ," అన్నాడు యాదగిరి, ఫ్రేముకు మేకు కొడుతూ. "నువ్వు వాన వెలిసినంక వచ్చినవ్."