అమ్మ మోకాలు ఎంత వంగింది

రేపల్లెలో బస్సు దిగుతూ జారిపడి అమ్మ మోకాలి చిప్ప విరగ్గొట్టుకుంది. ఆరు వారాలకు సిమెంటు కట్టు విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. నేను బాపట్లలో లెక్కల టీచర్ని. సెలవు పెట్టి రేపల్లెలో అమ్మ దగ్గరికి వెళ్లి, రోజూ పొద్దున్నే ప్యాసింజర్‌లో అమ్మను తెనాలికి ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదాన్ని.

అక్కడ పనిచేసే అమ్మాయి మోకాలిని మెల్లగా వంచేది. రెండు పట్టీలు కలిపిన ప్లాస్టిక్ కొలబద్దను పక్కన పెట్టి, ఒక పట్టీని తొడ వెంబడి, ఇంకోదాన్ని పిక్క వెంబడి సర్ది, ఎన్ని డిగ్రీలు వంగిందో చదివేది. మొదటిరోజు నలభై. రెండు వారాలకు డెబ్భై రెండు. ఆ తర్వాత నాలుగు రోజులు అక్కడే ఆగిపోయింది.

తిరుగు బండిలో అమ్మ అడిగింది. "డిగ్రీ అంటే ఎంతే?"

"గుండ్రాన్ని మూడు వందల అరవై భాగాలు చేస్తే అందులో ఒకటి."

"ఇంకోలా కొలవకూడదా?"

"కొలవచ్చు. గ్రేడియన్ అని ఉంది. గోడకీ నేలకీ మధ్య మూల డిగ్రీల్లో తొంభై, గ్రేడియన్లలో వంద."

"అయితే నాది ఎంతవుద్ది?"

"ఎనభై."

"మరి ఆ పిల్లని అలా చెప్పమనరాదూ. ఎనభై అంటే కాస్త ఓపికొస్తుంది."

నవ్వబోయి ఆగాను. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "ఇక కింద కూర్చుని కత్తిపీట మీద చేపలు కోసుకోలేనేమోనే" అంది. ఇన్నేళ్లుగా ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మార్చడం మార్కుల కోసమే నేర్పాను. అది ఒకరికి అవసరం కావడం అప్పుడే చూశాను.

మర్నాడు ఆ అమ్మాయికి చెప్పాను. చీటీ మీద డిగ్రీలే రాసుకుని, పైకి మాత్రం "ఎనభై రెండండి, మామ్మగారూ" అంది. అమ్మ పళ్లు బిగబట్టి ఇంకాస్త వంచనిచ్చింది.

చివరిరోజు ఆ అమ్మాయి రెండూ చెప్పింది. "డిగ్రీల్లో నూట ఎనిమిది, మీ లెక్కలో నూట ఇరవై అండి."

అమ్మ చీర సర్దుకుంటూ లేచింది. "నూట ఎనిమిదే ఉంచమ్మా, అష్టోత్తరం."

మోకాలు అంతకు మించి వంగలేదు. ఆ ఆదివారం అమ్మ గోడకానుకుని, ఆ కాలు చాపుకుని, రెండో కాలితో కత్తిపీట నొక్కిపట్టి నిజాంపట్నం చందువా చేపలు కోసింది. నేను ఎదురుగా, చేప జారకుండా అద్దుకునే బూడిద పళ్లెం పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ పోయి నాలుగేళ్లు. నా పెళ్లయ్యాక ఆమెతో అంతసేపు మాట్లాడింది ఆ తెనాలి బండిలోనే.