పేరు అడగని పిల్ల

మా చిన్నమ్మాయి కాజీపేటలో, మా ఇంటి ముందు గదిలోనే నర్సులకు జర్మన్ భాష నేర్పుతుంది. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. కానీ చెవిన పడ్డది మరిచిపోను. గుమ్మం పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే వాళ్ల పాఠం చాలావరకు నోటికి పట్టేశాను. అది చూసి మా బిడ్డ నన్ను పేషెంటును చేసింది. మంచం మీద పడుకోవాలి, నర్సు పిల్ల వచ్చి ఎక్కడ నొప్పి అని అడిగితే ఆ భాషలో చెప్పాలి. అదే నా కొలువు.

వచ్చేవాళ్లలో ఒక పిల్ల అంటే నాకు ప్రాణం. హన్మకొండలో ఒక దవాఖానలో డ్యూటీ దిగి, ముఖమైనా కడుక్కోకుండా నేరుగా వచ్చేది. ఏడాదిన్నర అట్లాగే వచ్చింది. జర్మనీ దేశంలో ఒక దవాఖాన వాళ్లు ఆమెను ఇంటర్వ్యూకు పిలుస్తామన్నారు. ఆమె ఆశంతా దాని మీదే.

మందు ఇచ్చే ముందు పేషెంటు పేరు అడగాలని మా బిడ్డ రోజూ చెప్పేది. మొదటిసారి ఆ పిల్ల అడిగితే నేను మూతి ముడిచాను.

"నీకు అన్నం పెట్టే ముసలిదాన్ని పేరు అడుగుతవా బిడ్డా? అమ్మమ్మా అను, అప్పుడు చెప్త."

"అమ్మా, నువ్వు ఆమె చదువు ఖరాబు చేస్తానవు," అంది మా బిడ్డ.

"మాటలైతే ఫోను గూడ చెప్తది, మీరు మనిషి లెక్క మాట్లాడాలె అని నువ్వే అంటివి గదనే. వరస పెట్టి పిలిస్తేనే మనిషి."

"ఊకోండ్రి మేడం, అమ్మమ్మ అలుగుతాంది," అని నవ్వింది ఆ పిల్ల.

వాళ్ల భాషలో అమ్మమ్మను ఓమా అంటారట. ఆ రోజు నుంచి నేను ఆమెకు ఓమానే. పేరు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఇంటర్వ్యూ మా గదిలోనే, ల్యాప్‌టాప్ ముందు జరిగింది. రైళ్ల చప్పుడు వాళ్లకు వినబడకుండా కిటికీలు మూశాం. నేను వంటింట్లో నిలబడి విన్నాను. అవతలి వాళ్లు ఒక పెద్దావిడను పేషెంటుగా కూర్చోబెట్టారు. పిల్ల తడబడకుండా నొప్పి అడిగింది, ధైర్యం చెప్పింది. ఓమా అని పిలిచి మందు వేసుకోమంది. అవతలి నుంచి ఎవరో మెల్లగా ఒకటి అడిగారు. ఆ ముక్క నాకూ అర్థమైంది. ఈమె పేరేమిటి?

ఎవరి మందు ఎవరికి ఇస్తున్నదో చూసుకోని నర్సు మాకు వద్దని, రెండు రోజులకు కబురు వచ్చింది. మా బిడ్డ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ పిల్ల చెప్పులు వేసుకుంటూ, "ఫికర్ చెయ్యకు అమ్మమ్మా, తప్పు నాదే," అని వెళ్లింది. మళ్లీ క్లాసుకు రాలేదు.

మొన్న వానలకు జ్వరం పట్టుకుంటే నన్ను హన్మకొండలో ఆ దవాఖానకే తీసుకుపోయారు. సూది పట్టుకుని వచ్చింది ఆ పిల్లే. నేను "బిడ్డా" అన్నాను. ఆమె నన్ను చూసి, చేతిలోని కాగితం పైకి ఎత్తుకుంది.

"మీ పేరు చెప్పండి."

చెప్పాను. కాగితంలో సరిచూసుకుని సూది వేసింది. పక్క మంచం దగ్గరికి వెళ్లి, ఆ ముసలామెనూ పేరు అడిగింది.